పాత కంప్యూటర్‌కి ప్రాణం పోయాలంటే: తక్కువ ఖర్చులో ముందు ఏ భాగం మార్చాలి?

కంప్యూటర్ స్లో అయిపోయిందని ఎవరితోనైనా అంటే వెంటనే వచ్చే సలహా "ర్యామ్ పెంచేయ్" అని. గేములు ఆడే కుర్రాళ్లని అడిగితే గ్రాఫిక్స్ కార్డు వెయ్యమంటారు. రిపేరు చేసేవాళ్లని అడిగితే, దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోమంటారు. ఈ మూడూ ఒక్కో కంప్యూటర్ విషయంలో నిజమే. మీ ఇంట్లో ఉన్నదానికి ఏది నిజమో మాత్రం ఆ కంప్యూటర్‌నే అడగాలి. అడగడానికి పావుగంట చాలు, పైసా ఖర్చు లేదు. చాలామంది ఈ పావుగంట వదిలేసి నేరుగా కొనడానికి వెళ్తారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే.

ఈ వ్యాసం ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసున్న డెస్క్‌టాప్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లకి వర్తించే చోట ఆ సంగతి చెబుతాను.

ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు మిమ్మల్ని రోజూ విసిగించే పని ఏదో అదే చేయండి. బ్రౌజర్‌లో మామూలుగా తెరిచే ట్యాబ్‌లన్నీ తెరవండి, పెద్ద ఎక్సెల్ ఫైల్ తెరవండి, గేమ్ అయితే గేమ్ ఆడండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్, జీపీయూ (గ్రాఫిక్స్) అనే నాలుగు గ్రాఫుల్లో ఏది పైకి తగిలి అక్కడే ఉండిపోతోందో చూడండి.

పాత కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించే దృశ్యం ఒకటుంది. కంప్యూటర్ ఆన్ చేసి అయిదు నిమిషాలైనా డిస్క్ గ్రాఫ్ 100 శాతం దగ్గరే ఉంటుంది. కింద రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకు 1 ఎంబీ, 2 ఎంబీ అని ఉంటుంది. అదే డిస్క్ నుంచి సినిమా ఫైల్ ఒకటి కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ పైనే వస్తుంది కదా, మరి ఇప్పుడు 2 ఎంబీకే ఆయాసపడటం ఏమిటి?

కారణం హార్డ్ డిస్క్ పనిచేసే తీరులోనే ఉంది. లోపల పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. అంతకుముందు హెడ్ ఆ వరుస దాకా జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే ఒక్కో చిన్న ముక్క చదవడానికి 13 మిల్లీసెకన్ల దాకా అవుతుంది. ఆ లెక్కన సెకనుకు 75, 80 ముక్కల కంటే ఎక్కువ చదవలేదు. సినిమా ఫైల్ అయితే చాలావరకు ఒకేచోట వరుసగా ఉంటుంది కాబట్టి హెడ్ పెద్దగా జరగాల్సిన పని లేదు. విండోస్ లేచేటప్పుడు, బ్రౌజర్ తెరుచుకునేటప్పుడు మాత్రం డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్లు కావాలి. ఒక్కొక్కటి 4 కేబీ అనుకుంటే, సెకనుకు 80 చొప్పున చదివినా వచ్చేది 320 కేబీ మాత్రమే. డిస్క్ ఊపిరి సలపకుండా పనిచేస్తూనే ఉంటుంది, మనకి మాత్రం స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్ఎస్‌డీ డేటాని చిప్పుల్లో దాస్తుంది, అందులో కదిలే భాగమే లేదు కాబట్టి అదే చిన్న ముక్కలను సెకనుకు వేలల్లో చదువుతుంది.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. మీ విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే, మిగతా చర్చ అంతా తర్వాత. మొదటి ఖర్చు ఎస్ఎస్‌డీ మీదే పెట్టాలి. దానికి దరిదాపుల్లోకి వచ్చే మార్పు వేరే ఏదీ లేదు.

ఒక మెలిక ఉంది. డిస్క్ 100 శాతం ఉన్నప్పుడు మెమరీ గ్రాఫ్ కూడా 85, 90 శాతం దాటి ఉంటే అసలు దోషి ర్యామ్ కావచ్చు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ అందులోని సరుకుని డిస్క్ మీదికి దించుతూ, మళ్లీ ఎక్కిస్తూ ఉంటుంది. ఏది దోషో తేల్చుకోవడం తేలిక. బ్రౌజర్ మొత్తం మూసేసి రెండు నిమిషాలు ఆగండి. మెమరీ తగ్గగానే డిస్క్ కూడా చల్లబడితే ర్యామ్ తక్కువైందని అర్థం. మెమరీ సగం ఖాళీగా ఉన్నా డిస్క్ ఇంకా కొట్టుకుంటుంటే సమస్య డిస్క్‌దే. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో రెండూ కలిసే ఉంటాయి.

సీపీయూ గ్రాఫ్ పైకి తగులుతుంటే కొనే ముందు ఇంకొకటి చూడాలి. ఆ పేజీలోనే బేస్ స్పీడ్ అని ఒకటి, ప్రస్తుతం నడుస్తున్న స్పీడ్ అని ఒకటి ఉంటాయి. బేస్ స్పీడ్ 3.2 గిగాహెర్ట్జ్ అని ఉండి, గట్టిగా పనిచేస్తున్నప్పుడు కూడా 1.5 దగ్గరే నడుస్తుంటే, అది వేడెక్కి తనంతట తాను తగ్గించుకుంటోందన్నమాట. అంతకంటే ముందు పవర్ సెట్టింగ్‌లో ఆదా మోడ్ ఉందేమో చూడండి. అది కాకపోతే క్యాబినెట్ తెరిచి, ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దులిపి, ఆ రెండిటి మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాస్తే సరిపోతుంది. అది చేయకుండా కొత్త ప్రాసెసర్ కొని, మూసుకుపోయిన అదే హీట్‌సింక్ కింద పెడితే అది కూడా అలాగే కుంటుతుంది.

ఈ కంప్యూటర్‌కి ఇంకా ఎన్నేళ్లు ఉంది?

ఎంత ఖర్చు పెట్టవచ్చో ఈ ప్రశ్న తేలుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం పెట్టిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి అధికారికంగా కావలసినవి టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్), సెక్యూర్ బూట్‌కి వీలున్న యూఈఎఫ్‌ఐ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్. వీటన్నిటి కంటే ఎక్కువమందిని ఆపేది ప్రాసెసర్ జాబితా. ఇంటెల్ అయితే కొద్దిపాటి మినహాయింపులు తప్ప 8వ తరం నుంచి, ఏఎండీ అయితే చాలావరకు రైజెన్ 2000 వరుస నుంచి ఆ జాబితాలో ఉన్నాయి.

టీపీఎం లేదని విండోస్ చెబితే వెంటనే ఆశ వదులుకోకండి. చాలా మదర్‌బోర్డుల్లో అది ప్రాసెసర్‌లోనే ఉంటుంది, బోర్డు సెట్టింగులు ఉండే బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది అంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉన్న ఆప్షన్ ఆన్ చేస్తే పని అయిపోతుంది.

జాబితాలో లేని కంప్యూటర్‌లో విండోస్ 11 దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు కాబట్టి బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌కి నేను అది సలహా ఇవ్వను. బ్రౌజింగ్, వీడియోలు, ఉత్తరాలు టైప్ చేసుకోవడం వరకే పని అయితే లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నిక్షేపంగా సరిపోతుంది. పదేళ్ల నాటి ప్రాసెసర్‌కి 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ తోడైతే అది హాయిగా నడుస్తుంది. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన వాళ్లకి ఈ దారి లేదు.

ఇక్కడి నుంచి వచ్చే సూత్రమే ఎంపికలో అన్నిటికంటే ఉపయోగపడేది. కొనే ప్రతి భాగాన్నీ ఒక ప్రశ్న అడగండి: రేపు ఈ కంప్యూటర్ పోతే, ఇది తర్వాతి కంప్యూటర్‌లోకి వస్తుందా? ఎస్ఎస్‌డీ వస్తుంది. మంచి పవర్ సప్లై వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు చాలావరకు వస్తుంది. పాత తరం డీడీఆర్3 ర్యామ్ రాదు. పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రాసెసర్ రాదు. రానివాటి మీద ఎంత తక్కువ పెడితే అంత మంచిది. వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొనడమే న్యాయం.

ఎస్ఎస్‌డీ: ఏ రకం, ఎంత సైజు

ఇళ్లలోని పాత కంప్యూటర్లకి రెండు రకాలు తగులుతాయి. ఒకటి సాటా ఎస్ఎస్‌డీ. 2.5 అంగుళాల డబ్బీలా ఉండి, హార్డ్ డిస్క్‌కి ఉన్న కేబుళ్లకే తగులుకుంటుంది. రెండోది ఎన్‌వీఎంఈ, చూయింగ్ గమ్ పట్టీ సైజులో నేరుగా బోర్డు మీద ఎం.2 స్లాట్‌లో కూర్చుంటుంది. పెట్టె మీది అంకెల్లో తేడా భారీగా ఉంటుంది. సాటాది సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతే, మామూలు ఎన్‌వీఎంఈ 3500 దాకా, కొత్తవి 7000 దాటి కూడా వెళ్తాయి.

ఆ అంకెలు చూసి టెన్షన్ పడొద్దు. అవి వరుసగా ఉన్న పెద్ద ఫైళ్లకి సంబంధించినవి. ఇందాక చూసిన చిన్న చిన్న ముక్కల చదువులో ఈ రెండిటి మధ్య తేడా అంత ఉండదు. హార్డ్ డిస్క్ నుంచి సాటాకి మారితే కుర్చీలో కూర్చున్నవాళ్లకి వెంటనే తెలుస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే, రోజువారీ పనిలో చాలామంది కనిపెట్టలేరు. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి తేడా కచ్చితంగా ఉంటుంది.

అయితే ఎం.2 స్లాట్ ఉండి, అది ఎన్‌వీఎంఈని తీసుకుంటే, ధరలు దగ్గరగా ఉన్నప్పుడు ఎన్‌వీఎంఈయే కొనండి. తర్వాతి కంప్యూటర్‌లోకి అది ఇంకా బాగా పనికొస్తుంది. కొనే ముందు బోర్డు మాన్యువల్ చూడాల్సిందే. కొన్ని ఎం.2 స్లాట్లు సాటా రకాన్ని మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈని మాత్రమే. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయవు. 2014 కంటే ముందు బోర్డుల్లో అడాప్టర్ కార్డుతో ఎన్‌వీఎంఈ తగిలించినా, చాలావాటిలో బయోస్ దాని నుంచి విండోస్‌ని లేపలేదు. వాటికి సాటాయే దారి. బోర్డు ఇంకా పాతదై సాటా 2 పోర్టులే ఉంటే పెద్ద ఫైళ్ల వేగం సెకనుకు 280 ఎంబీ దగ్గర ఆగుతుంది. దాని గురించి బెంగపడక్కర్లేదు, మీరు కొంటున్నది చిన్న ఫైళ్ల వేగం.

సైజు విషయంలో నా మాట 500 జీబీ తరగతి. 250 జీబీది విండోస్‌కి, సాఫ్ట్‌వేర్‌కి సరిపోతుంది కానీ, ఎస్ఎస్‌డీ పూర్తిగా నిండిపోతే రాసే వేగం పడిపోతుంది. ఎప్పుడూ కాస్త ఖాళీ ఉంచాలి. ఫొటోలు, సినిమాలు పాత హార్డ్ డిస్క్‌లోనే ఉండనివ్వండి, అది రెండో డిస్క్‌గా పనికొస్తుంది. 120 జీబీవి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఒకే సైజులో రెండు మోడళ్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే మూడు విషయాలు చూడండి. లోపలి మెమరీ టీఎల్‌సీయా, క్యూఎల్‌సీయా అన్నది మొదటిది. క్యూఎల్‌సీలో ఒక్కో కణంలో నాలుగు బిట్లు కుక్కుతారు కాబట్టి చవక, కానీ పెద్ద కాపీలు చేసేటప్పుడు వేగం మధ్యలో కుప్పకూలుతుంది, రాయగలిగిన మొత్తం కూడా తక్కువ. రెండోది డీరామ్, అంటే ఏ డేటా ఎక్కడుందో చూసుకునే పట్టిక కోసం ఎస్ఎస్‌డీలో విడిగా పెట్టే చిన్న మెమరీ, ఉందా లేదా. ఎన్‌వీఎంఈ రకానికి డీరామ్ లేకపోయినా కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం అరువు తీసుకుని నెట్టుకొస్తుంది. సాటా రకానికి ఆ సౌకర్యం లేదు, అందుకని సాటా కొంటే డీరామ్ ఉన్నది వెతకడం మంచిది. మూడోది వారంటీ ఏళ్లు, దాంతోపాటు ఎన్ని టీబీలు రాయవచ్చని కంపెనీ చెబుతోందో ఆ అంకె. పేరే వినని బ్రాండు మీద నమ్మశక్యం కాని సైజు, నమ్మశక్యం కాని ధర కనిపిస్తే దాన్ని ముట్టుకోకండి. నకిలీలు ఎక్కువగా ఉండేది అక్కడే.

పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయాలా, విండోస్ కొత్తగా వేసుకోవాలా? ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త వదిలించుకోవాలంటే కొత్తగా వేయడమే మేలు. మళ్లీ ఎక్కించలేని సాఫ్ట్‌వేర్ ఉంటే క్లోన్ చేయండి. క్లోన్‌జిల్లా ఉచితం, కొన్ని ఎస్ఎస్‌డీ కంపెనీలు సొంత టూల్ కూడా ఇస్తాయి. ఈ పని మొదలుపెట్టే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఎలకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్స్ అన్న వరుసల్లో సున్నా కాకుండా అంకె ఉంటే, పైన పసుపు రంగులో కాషన్ అని వస్తుంది. అప్పుడు క్లోనింగ్ జోలికి వెళ్లకుండా ముందు ఫొటోలు, పత్రాలు ఇంకోచోటికి కాపీ చేసుకోండి. ఆ డిస్క్‌ని డేటా కోసం నమ్మడం అంతటితో ఆపేయాలి.

ల్యాప్‌టాప్‌కి ఇదే సలహా ఇంకా బలంగా వర్తిస్తుంది. వాటిలో చాలావరకు నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కులే వచ్చేవి, అవి డెస్క్‌టాప్ డిస్కుల కంటే నెమ్మది.

ర్యామ్: ఎంత చాలు, ఎలాంటిది పట్టుతుంది

4 జీబీ ఉంటే 8 జీబీ చేయడం తప్పనిసరి. 8 నుంచి 16 చేయాలా అన్నది మీ టాస్క్ మేనేజర్ చెప్పాలి. మామూలు పనిలో మెమరీ 80 శాతం లోపే ఉంటే 8 జీబీతో ప్రస్తుతానికి నడుస్తుంది. ట్యాబ్‌లు పదుల్లో తెరిచి ఉంచేవాళ్లకి, ఈ మధ్య వచ్చిన గేములు ఆడేవాళ్లకి 16 కావాలి. 16 నుంచి 32కి వెళ్లే డబ్బు పాత కంప్యూటర్‌లో పెట్టడం దాదాపు ఎప్పుడూ దండగే, వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లు, పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు తప్ప. వాడని ర్యామ్ వేగం ఇవ్వదు.

తరాలు ఒకదానిలో ఒకటి పట్టవు. డీడీఆర్3కి 240 పిన్నులు. డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులే అయినా మధ్యలో గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. ల్యాప్‌టాప్‌వి మరీ పొట్టివి, వాటి పిన్నుల లెక్క వేరు. 2013 తర్వాతి డీడీఆర్3 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకమే కావాలి, 1.5 వోల్టులది పెడితే ఆన్ కాకపోవచ్చు. మీ దగ్గర ఏది ఉందో సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిస్తే కంపెనీ పేరు, పార్ట్ నంబర్‌తో సహా కనిపిస్తుంది. మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో ఉన్న పేరుతో తయారీదారు సైట్‌లో వెతికితే గరిష్ఠంగా ఎంత పడుతుందో తెలుస్తుంది.

ఒకే స్టిక్ ఉన్నవాళ్లకి ఒక మంచి వార్త. అలాంటిదే రెండోది పెడితే రెండు చానెళ్లు (ర్యామ్‌కి, ప్రాసెసర్‌కి మధ్య దారులు) కలిసి పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే ఆధారపడేవాళ్లకి గేముల్లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో ఏ రెండిట్లో పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. వేగాలు వేరైన స్టిక్‌లు కలిపితే అన్నీ తక్కువదాని వేగంతోనే నడుస్తాయి. అది పెద్ద నష్టం కాదు. అసలు కలిసి నడవకపోవడం కూడా జరుగుతుంది, అందుకే వెనక్కి తీసుకునే చోట కొనండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి నేను ధైర్యంగా చెప్పే భాగం ర్యామ్. అరిగిపోయేది ఏమీ లేదు. పనిచేస్తే బాగానే పనిచేస్తుంది, లోపం ఉంటే మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఒక రాత్రంతా నడిపితే తప్పులు ఎర్ర వరుసల్లో బయటపడతాయి. ఒక్క తప్పు వచ్చినా వాపసు ఇచ్చేయండి. పెట్టేటప్పుడు రెండు చివర్లా సమానంగా నొక్కాలి, క్లిప్ టక్కుమని పడేదాకా. కొత్త ర్యామ్ పెట్టాక కంప్యూటర్ లేవలేదని భయపడే సందర్భాల్లో చాలావరకు కారణం ఒక చివర సగం దిగి ఉండటమే.

ప్రాసెసర్: ఎక్కువమందికి వద్దు, కొందరికి మాత్రం అదృష్టం

ఇంటెల్ పాత బోర్డుల్లో ప్రాసెసర్ మార్చడానికి దారి ఇరుకు. 2, 3 తరాలకి ఎల్‌జీఏ 1155 సాకెట్. 4వ తరానికి 1150. 6, 7 తరాలకి 1151. 8, 9 తరాలకి కూడా పేరు 1151యే, కానీ పాత 1151 బోర్డులో 8వ తరం ప్రాసెసర్ నడవదు. ఈ ఒక్క పేరు చూసి మోసపోయినవాళ్లు చాలామంది. కాబట్టి ఐ3 నుంచి అదే తరం ఐ5కి, ఐ5 నుంచి ఐ7కి వెళ్లడమే మిగిలే అవకాశం. 4వ తరంలో రెండు కోర్ల ఐ3 నుంచి నాలుగు కోర్ల ఐ5కి, చవగ్గా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, వెళ్లడంలో అర్థముంది. ఐ5 నుంచి ఐ7కి వెళ్లి చేతి చమురు వదిలించుకోవడం నాకు సమ్మతం కాదు. నాలుగు కోర్లు నాలుగుగానే ఉంటాయి, విండోస్ 11 జాబితాలోకి ఎలాగూ రాదు, రేపు ఆ ప్రాసెసర్ ఇంకే బోర్డులోకీ పోదు.

ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవాళ్ల సంగతి వేరు. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే 5000 వరుస ప్రాసెసర్లు కూడా పడతాయి. రైజెన్ 5 1600, రైజెన్ 5 5600 రెండిటికీ ఆరు కోర్లే, కాగితం మీద రెండూ 65 వాట్లే. కానీ ఒక్కో కోర్ వేగంలో రెండిటికీ పోలికే లేదు. పైగా 1600 విండోస్ 11 జాబితాలో లేదు, 5600 ఉంది. ఒక్క భాగంతో రెండు సమస్యలు తీరే ఇలాంటి మార్పు పాత కంప్యూటర్లలో అరుదు. వరుస మాత్రం తప్పకూడదు. బోర్డు తయారీదారు సైట్‌లో సీపీయూ సపోర్ట్ జాబితా చూసి, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే కొత్తది పెట్టాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోకుండా జాగ్రత్తపడండి.

గ్రాఫిక్స్ కార్డు, దాన్ని మోసే పవర్ సప్లై

గేములు ఆడకపోతే, వీడియో ఎడిటింగ్ చేయకపోతే, ఈ భాగం మీద డబ్బు పెట్టక్కర్లేదు. ఒక మినహాయింపు ఉంది. పాత కంప్యూటర్లో యూట్యూబ్ హెచ్‌డీ వీడియో తడబడుతూ, అప్పుడు సీపీయూ గ్రాఫ్ ఆకాశంలో ఉంటే, వీడియో విప్పే పని హార్డ్‌వేర్ చేయడం లేదని అర్థం. యూట్యూబ్ వాడే వీపీ9 రకం వీడియోని పూర్తిగా విప్పగల గ్రాఫిక్స్ ఇంటెల్ ప్రాసెసర్లలో 7వ తరంతో వచ్చింది, ఇంకా కొత్తదైన ఏవీ1 రకాన్ని విప్పేది 11వ తరం ల్యాప్‌టాప్‌లతో మొదలైంది. అంతకంటే పాతవాటికి చిన్న కార్డు ఒకటి ఊరటనిస్తుంది.

గేముల కోసమైతే కార్డు కంటే ముందు పవర్ సప్లై లేబుల్ చదవండి. స్లాట్ నుంచి కార్డుకి అందేది 75 వాట్లు. 6 పిన్నుల కేబుల్ మరో 75, 8 పిన్నులది 150 ఇస్తాయి. పేరున్న కంపెనీల ఆఫీస్ డెస్క్‌టాప్‌లలో తరచుగా అసలు ఈ కేబుళ్లే ఉండవు, పవర్ సప్లై ఆకారం, బోర్డుకి వెళ్లే కనెక్టర్ కూడా ఆ కంపెనీ సొంతవై ఉంటాయి. అలాంటి వాటికి విడి కేబుల్ అక్కర్లేని జీటీఎక్స్ 1650 రకాలు, జీటీఎక్స్ 1050 టీఐ, ఆర్ఎక్స్ 6400 లాంటివే దారి. ఇందులో 6400తో ఒక ఇబ్బంది ఉంది. అది నాలుగు పీసీఐ లేన్లే (కార్డుకి, బోర్డుకి మధ్య డేటా దారులు) వాడుకుంటుంది. పీసీఐ 4.0 బోర్డులో అది చాలు, 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డులో దారి సగానికి తగ్గి కొన్ని గేముల్లో వెనకబడుతుంది. ఏవీ1 వీడియోని మాత్రం ఈ మూడు కార్డులూ విప్పలేవు. పాత బోర్డుకి నా ఓటు 1650కే. ఇంటెల్ ఆర్క్ కార్డులు ధరకి ఆకర్షణీయంగా కనిపించినా, రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేని పాత బోర్డుల్లో వాటి వేగం బాగా దెబ్బతింటుంది.

పవర్ సప్లై మీద చాలామంది చిన్నచూపు చూస్తారు. ఎనిమిది, పదేళ్లు నడిచిన చవక సప్లై మీద కొత్త కార్డు భారం పెట్టడం అంటే మూలిగే నక్క మీద తాటికాయ వేయడమే. పెట్టె మీద మొత్తం వాట్లు కాకుండా, 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడండి. దాన్ని 12తో గుణిస్తే ప్రాసెసర్‌కి, కార్డుకి నిజంగా అందే వాట్లు తెలుస్తాయి. 450 అని రాసి ఉన్న కొన్నిటిలో ఆ లెక్క 300 కూడా దాటదు. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప లోపలి నాణ్యతకి పూచీ కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడూ కొనకూడని భాగం ఇదే. ఇంకో హెచ్చరిక: మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టగలిగే) సప్లై మారిస్తే పాత కేబుళ్లు అలాగే ఉంచి కొత్తదానికి తగిలించకండి. ఒకే ఆకారంలో ఉన్నా లోపలి వైరింగ్ కంపెనీకో రకం, డిస్కులు కాలిపోతాయి.

అదే డబ్బు, మూడు కంప్యూటర్లు

4వ తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న ఇంటి కంప్యూటర్. పని బ్రౌజింగ్, పిల్లల చదువు. దీనికి 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొత్తది, ఉన్నదానికి జతగా 4 జీబీ డీడీఆర్3 స్టిక్ సెకండ్ హ్యాండ్‌ది. అంతే. ఐ7 వద్దు, గ్రాఫిక్స్ కార్డు వద్దు. విండోస్ 11 సమస్య మిగిలే ఉంటుంది కాబట్టి లినక్స్‌కి మారడమో, మరో ఏడాదిలో కంప్యూటర్ మార్చడమో ఇప్పుడే నిర్ణయించుకోండి. ఎస్ఎస్‌డీ మీ వెంట వస్తుంది.

రైజెన్ 5 1600, బీ450 బోర్డు, ఒకే 8 జీబీ స్టిక్, హార్డ్ డిస్క్, గేములు ఆడే ఇల్లు. ముందు ఎన్‌వీఎంఈ, తర్వాత రెండో 8 జీబీ స్టిక్, ఆ తర్వాత బయోస్ అప్‌డేట్ చేసి 5600. గ్రాఫిక్స్ కార్డు చివరికి. డబ్బు ఒకేసారి లేకపోయినా ఈ వరుసలో కొంటూ పోవచ్చు, మధ్యలో ఎక్కడ ఆగినా నష్టం లేదు. నేనైతే ఈ కంప్యూటర్‌ని వదులుకోను.

కోర్ 2 డుయో కాలంది. దీని మీద ఖర్చు పెట్టవద్దనే చెబుతాను. విండోస్ 11 తాజా రూపాలు దొడ్డిదారిన కూడా దీని మీద లేవవు. అదే మొత్తానికి కొంచెం కలిపితే ఆఫీసుల నుంచి బయటికొచ్చే 8వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ వాడినది దొరికే అవకాశం ఉంది. ముందు దాన్ని వెతకండి.

అసలు ఈ వాడిన ఆఫీస్ డెస్క్‌టాప్ అన్న ఎంపికని మిగతా ఇద్దరు కూడా ఓసారి పోల్చి చూసుకోవాలి. మీరు కొనబోయే భాగాల మొత్తం, అలాంటి కంప్యూటర్ ధరలో సగం దాటితే, భాగాలు పక్కనపెట్టి దాని గురించే ఆలోచించండి. దాన్లో గ్రాఫిక్స్ కార్డుకి చోటు, కరెంటు తక్కువ. గేములు ఆడేవాళ్లకి అది సరైన దారి కాదు. పాత బోర్డు మీద కెపాసిటర్లనే చిన్న డబ్బాల తలలు ఉబ్బి కనిపించినా, కంప్యూటర్ కారణం లేకుండా తనంతట తాను ఆరిపోతున్నా కూడా ఇక భాగాలు కొనకండి. గడియారం మాత్రమే వెనక్కి పోతూ, వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పని చెబుతుంటే భయపడకండి, బోర్డు మీద ఉండే సీఆర్2032 నాణెం బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

అన్నీ ఒకేసారి కొనవద్దు. ఎస్ఎస్‌డీ ఒక్కటే ముందు పెట్టి, రెండు వారాలు మామూలుగా వాడి, మళ్లీ టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. రెండో భాగం అవసరమే లేదని తేలే ఇళ్లు చాలా ఉంటాయి. కొన్న ప్రతిదాన్నీ వాపసు గడువు ముగియకముందే పరీక్షించండి: ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86, ఎస్ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో పాటు దాదాపు నిండేదాకా ఫైళ్లు కాపీ చేసి మళ్లీ తెరిచి చూడటం, కార్డుకి ఒక గంట బరువైన గేమ్. బిల్లు, పెట్టె గడువు పూర్తయ్యేదాకా పారేయకండి.